ఒకే ఫ్యాక్టరీ, ఆరు రకాల నీళ్లు: కండక్టివిటీ సెన్సార్ ఎంపికలో అసలు చిక్కు ఎక్కడ?

జీడిమెట్లలోనో పటాన్‌చెరులోనో పరవాడలోనో ఒక మందుల ఫ్యాక్టరీని తీసుకోండి. గేటు దగ్గర లోపలికి వచ్చేవి బోరు నీళ్లు. వాటిలో కొన్ని ఆర్‌వో దాటి, ఇంజెక్షన్‌లో కలిపేంత శుద్ధి అవుతాయి. కొన్ని బాయిలర్‌లో మరుగుతాయి. కొన్ని కాస్టిక్ సోడా కలుపుకుని ట్యాంకులూ పైపులూ కడుగుతాయి. చివరికి ఉప్పులన్నీ మోసుకుని ఎఫ్లుయెంట్ ప్లాంటుకు, అంటే వ్యర్థజలాల్ని శుద్ధి చేసే చోటికి చేరతాయి. దాదాపు ప్రతి మజిలీలోనూ పైపుకో ట్యాంకుకో ఒక కండక్టివిటీ సెన్సార్ బిగించి ఉంటుంది.

బయటికి అన్నీ ఒకే పని చేస్తున్నట్టు కనిపిస్తాయి కాబట్టి పర్చేజ్ విభాగం నుంచి ఓ ప్రశ్న వస్తుంది: ‘ఆరు చోట్లా ఒకే మోడల్ కొంటే స్పేర్లు కలిసొస్తాయి కదా?’ అడగాల్సిన ప్రశ్నే. కానీ ఇంజెక్షన్ నీళ్ల కండక్టివిటీ 0.1 నుంచి 1 మైక్రోసీమెన్ మధ్య ఉంటే, ఎవాపరేటర్‌కు వెళ్లే ఎఫ్లుయెంట్‌ది లక్ష దాకా పోవచ్చు. అంటే తేడా పది లక్షల రెట్లు. ఇంత తేడాను అంతే కచ్చితంగా రెండు చివర్లా కొలిచే ఒక్క సెన్సార్ లేదు. ఎందుకు లేదో అర్థమైతే ఎంపిక సగం తేలినట్టే.

మీటర్ చూసేది ఏమిటి, చూడనిది ఏమిటి

నీటిలో కరెంటును మోసేవి అయాన్లు: సోడియం, కాల్షియం, క్లోరైడ్, సల్ఫేట్ లాంటివి. ఎన్ని అయాన్లు ఉన్నాయి, ఎంత వేగంగా కదులుతున్నాయి అన్న రెండింటి ఫలితమే కండక్టివిటీ, అంటే విద్యుత్ వాహకత. దాన్ని సెంటీమీటరుకు మైక్రోసీమెన్స్‌లో చెబుతారు. వెయ్యి మైక్రోలు ఒక మిల్లీసీమెన్. ఫ్యాక్టరీలో ఎవరూ ‘సెంటీమీటరుకు’ అని పలకరు. ఇక్కడా దాన్ని వదిలేస్తున్నాం. వ్యవసాయ ప్రయోగశాలల రిపోర్టుల్లో కనిపించే ‘డెసీసీమెన్స్ పర్ మీటర్’ కూడా అంకెలో మిల్లీసీమెన్‌తో సమానమే.

అయాన్లన్నీ సమానంగా మోయవు. 25 డిగ్రీల దగ్గర బాగా పలచటి ద్రావణంలో సోడియం వాటా 50 అనుకుంటే, క్లోరైడ్‌ది 76, హైడ్రాక్సైడ్‌ది 198, హైడ్రోజన్‌ది 350. ఒక లీటరులో ఒక మిల్లీమోల్ ఉప్పు వేస్తే సుమారు 126 మైక్రోసీమెన్స్ వస్తుంది. అంతే మోతాదు హైడ్రోక్లోరిక్ ఆమ్లం వేస్తే 426. అందుకే ఆసిడ్, కాస్టిక్ రెండూ ఈ మీటర్ కంట్లో వెంటనే పడతాయి.

అయాన్లుగా విడిపోనివి మాత్రం అసలు పడవు. పంచదార, మిథనాల్, బ్యాక్టీరియా మీటర్‌కు లేనట్టే. అయాన్ అయినా కొద్దిగా ఉంటే పెద్ద సంఖ్య చాటున దాక్కుంటుంది. నల్లగొండ జిల్లా బోరు నీటినే చూడండి. అందులో లీటరుకు 4 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉందనుకుందాం. భారతీయ ప్రమాణం ఐఎస్ 10500 గరిష్ఠంగా అనుమతించే 1.5 మిల్లీగ్రాములకు ఇది రెండున్నర రెట్లకు పైనే. కండక్టివిటీలో దాని వాటా ఎంత? 4ను ఫ్లోరైడ్ పరమాణు భారం 19తో భాగిస్తే 0.21 మిల్లీమోల్. జతగా సోడియంను కూడా లెక్కేసినా 22 మైక్రోసీమెన్స్ దాటదు. మొత్తం నీటి కండక్టివిటీ 1200 ఉన్నప్పుడు ఈ 22 మామూలు హెచ్చుతగ్గుల్లో కలిసిపోతుంది. కండక్టివిటీ ‘బాగుంది’ కాబట్టి నీళ్లు తాగొచ్చు అనే వాదన ఇక్కడే కూలిపోతుంది.

ఇళ్లలో టీడీఎస్, అంటే నీటిలో కరిగిన మొత్తం ఘనపదార్థాలు చూసే పెన్ను కూడా కండక్టివిటీ మీటరే. కొలిచిన అంకెను లోపల ఒక గుణకంతో హెచ్చవేసి పీపీఎం అని చూపిస్తుంది. ఆ గుణకం కొన్ని పెన్నుల్లో 0.5, కొన్నింటిలో 0.7. వెయ్యి మైక్రోసీమెన్స్ నీటిని ఒకటి 500 అంటుంది, ఇంకోటి 700 అంటుంది. ఐఎస్ 10500లో టీడీఎస్ ఆమోదయోగ్య పరిమితి సరిగ్గా 500. నీళ్లు అవే, తీర్పులు రెండు. గుణకం ఎంతో రాయని టీడీఎస్ రీడింగ్‌కు రిపోర్టులో పెద్ద విలువ లేదు.

సెల్ కాన్‌స్టంట్: ఎంపికంతా తిరిగేది దీని చుట్టూనే

ఒక చదరపు సెంటీమీటరు వైశాల్యం ఉన్న రెండు పలకల్ని ఎదురెదురుగా, ఒక సెంటీమీటరు ఎడంలో నీటిలో ముంచామనుకోండి. దూరాన్ని వైశాల్యంతో భాగిస్తే 1 వస్తుంది. అదే సెల్ కాన్‌స్టంట్. పలకలు పెద్దవై దగ్గరికి జరిగితే అది 0.1, 0.01 అవుతుంది. చిన్నవై దూరంగా ఉంటే 10 అవుతుంది. మీటర్ నిజానికి కొలిచేది పలకల మధ్య నిరోధాన్ని. సెల్ కాన్‌స్టంట్‌ను ఆ నిరోధంతో భాగిస్తే కండక్టివిటీ వస్తుంది.

ఇప్పుడు రెండు చివర్లా లెక్క వేద్దాం. 0.1 మైక్రోసీమెన్ నీటిలో సెల్ కాన్‌స్టంట్ 1 ఉన్న ప్రోబ్ (నీటిలో ముంచే సెన్సార్) పెడితే నిరోధం కోటి ఓమ్‌లు. దానికి పది మీటర్ల కేబుల్ ఉందనుకుందాం. మామూలు కేబుల్‌కు మీటరుకు వంద పికోఫారడ్ల కెపాసిటెన్స్ ఉంటే మొత్తం ఒక నానోఫారడ్. ఒక కిలోహెర్ట్జ్ దగ్గర అది అడ్డుకునేది లక్షా అరవై వేల ఓమ్‌లే. అంటే ఏసీ కరెంటుకు నీళ్లకన్నా కేబులే సులువైన దారి. మీటర్ కొలుస్తున్నది ఎక్కువగా కేబుల్‌నే. సెల్ కాన్‌స్టంట్ 0.01 ఉన్న ప్రోబ్ పెడితే నీటి నిరోధం లక్ష ఓమ్‌లకు దిగుతుంది. మీటర్ ఫ్రీక్వెన్సీని కూడా వంద హెర్ట్జ్ దరిదాపులకు దించితే కేబుల్ అడ్డు పదహారు లక్షల ఓమ్‌లకు పెరుగుతుంది. అప్పుడు వచ్చే అంకెను నమ్మొచ్చు.

రెండో చివర సముద్రపు నీళ్లు, 53 మిల్లీసీమెన్స్. సెల్ కాన్‌స్టంట్ 1 ఉన్న ప్రోబ్‌లో నిరోధం 19 ఓమ్‌లే. అదే పది మీటర్ల కేబుల్‌లో సన్నటి రాగి తీగ ఉంటే, రానూపోనూ 20 మీటర్లకు ఒక ఓమ్ దాకా నిరోధం వస్తుంది. ఆ ఒక్క ఓమ్‌తోనే రీడింగ్ 5 శాతం తగ్గిపోతుంది. 0.01 ప్రోబ్‌ను అక్కడ ముంచితే నిరోధం 0.19 ఓమ్, అది కేబుల్ నిరోధంలో అయిదో వంతు కూడా కాదు, ఇక కొలవడానికేముంది?

అందుకే మామూలుగా ఇంజెక్షన్ నీటికి 0.01, ఆర్‌వో నుంచి వచ్చే నీటికి 0.1, బోరు నీటికి 1, చాలా ఉప్పుగా ఉండేవాటికి 10 వాడతారు. పరిధులు ఒకదానిపై ఒకటి కొంత పడతాయి కాబట్టి సరిహద్దుల దగ్గర వాదించుకోవడం దండగ. ఆర్‌వోకు ముందూ వెనకా రెండు వేర్వేరు ప్రోబ్‌లు ఉండటానికి కారణం మాత్రం గట్టిది. లోపలికి 1500, బయటికి 30 వస్తుంటే మెంబ్రేన్ 98 శాతం ఉప్పును ఆపుతోందన్నమాట. ఒక ఓ-రింగ్ కోసుకుపోయి బయటి నీరు 60కి చేరితే అది 96 శాతం. శాతాల్లో చూస్తే రెండే తేడా, మైక్రోసీమెన్స్‌లో రెట్టింపు. ఆ రెట్టింపును 1500 కోసం ఎంచిన పరిధిలో వెతికితే దొరకడం కష్టం.

రెండు పలకలు, నాలుగు పలకలు, అసలు పలకలే లేనివి

డీసీ కరెంటు పంపితే అయాన్లు పలకల మీదికి చేరి అక్కడే ఉండిపోతాయి. బస్టాండు గేటు దగ్గర జనం గుమిగూడితే వెనకవాళ్లు కదల్లేనట్టు, ఆ పొర కొత్త నిరోధంగా తయారవుతుంది. దీన్ని పోలరైజేషన్ అంటారు. పందొమ్మిదో శతాబ్దంలో కోల్‌రౌష్ అనే జర్మన్ శాస్త్రవేత్త ఏసీ కరెంటుతో దీన్ని చాలావరకు దాటారు. ఇప్పటి మీటర్లన్నీ ఆ దారినే నడుస్తున్నాయి. కానీ ద్రావణం బాగా గాఢంగా ఉంటే ఏసీలోనూ ఈ పొర అడ్డు తగులుతుంది. ఎప్పుడు తగిలినా రీడింగ్ తగ్గే వైపే వస్తుంది.

నాలుగు ఎలక్ట్రోడ్ల సెన్సార్‌లో బయటి రెండూ కరెంటు పంపుతాయి, లోపలి రెండూ వోల్టేజి మాత్రమే చదువుతాయి. వోల్టేజి చదివే జత గుండా కరెంటు దాదాపు పారదు కాబట్టి అక్కడ పొర ఏర్పడదు. కేబుల్ నిరోధం కూడా లెక్కలోంచి తప్పుకుంటుంది. ఒకే సెన్సార్ కొన్ని మైక్రోల నుంచి కొన్ని వందల మిల్లీల దాకా పనిచేయగలదు.

మూడో రకం ఇండక్టివ్. దీన్నే టొరాయిడల్ అంటారు. గారెలా మధ్యలో రంధ్రం ఉన్న ప్లాస్టిక్ తలలో రెండు రింగు కాయిళ్లు మూసి ఉంటాయి. ఒక కాయిల్‌కు ఏసీ ఇస్తే రంధ్రం గుండా పారే ద్రవంలో కరెంటు పుడుతుంది. ఆ కరెంటును రెండో కాయిల్ పట్టుకుంటుంది. లోహం ఏదీ ద్రవాన్ని తాకదు. పోలరైజేషన్ సమస్యే లేదు, మురికి పూసినా పెద్దగా లెక్క చేయదు. లోపం కింది చివరలో: వంద మైక్రోసీమెన్స్ కన్నా బాగా కిందికి పోతే దీని సిగ్నల్ నమ్మదగినంత ఉండదు. ఆర్‌వో నీటికి ఇది పనికిరాదు, ఇంజెక్షన్ నీటి సంగతి చెప్పనే అక్కర్లేదు.

ఇండక్టివ్ సెన్సార్‌తో ఇంకో మెలిక పైపు గోడ. కరెంటు తల చుట్టూ తిరిగి రావాలి కాబట్టి, గోడ మూడు సెంటీమీటర్ల కన్నా దగ్గరగా ఉంటే లెక్క మారుతుంది. పీవీసీ పైపైతే దారి ఇరుకై రీడింగ్ తగ్గుతుంది. స్టీలు పైపైతే గోడ కూడా కరెంటు మోసి రీడింగ్ పెరుగుతుంది. బీకరులో కాలిబ్రేట్ చేసి సన్నటి పైపులో బిగిస్తే వచ్చే తేడాకు కారణం ఇదే. దాన్ని సరిచేసే ‘ఇన్‌స్టలేషన్ ఫ్యాక్టర్’ ట్రాన్స్‌మిటర్ (సెన్సార్ సిగ్నల్‌ను అంకెగా మార్చి చూపే పెట్టె) మెనూలో ఉంటుంది. కానీ చాలా చోట్ల అది ఫ్యాక్టరీ నుంచి వచ్చిన 1.00 దగ్గరే ఉండిపోతుంది.

ఉష్ణోగ్రత: రెండు శాతం సూత్రం ఎక్కడ నప్పుతుంది, ఎక్కడ ముంచుతుంది

నీళ్లు వేడెక్కితే అయాన్లు చురుగ్గా కదులుతాయి. మామూలు నీటిలో డిగ్రీకి సుమారు 2 శాతం పెరుగుతుంది. అందుకే ఎండాకాలపు కొలతనూ చలికాలపు కొలతనూ పోల్చడానికి అన్నిటినీ 25 డిగ్రీలకు మార్చి చెబుతారు. దీన్నే ఉష్ణోగ్రత కాంపెన్సేషన్ అంటారు. మే నెలలో ఓవర్‌హెడ్ ట్యాంకులో 38 డిగ్రీల నీరు 1200 చూపిస్తే, 13 డిగ్రీల తేడాకు 1.26తో భాగించాలి. 25 దగ్గర అది 952.

బోరు నీటికి ఇది సరిపోతుంది. ఆసిడ్‌లకు ఒకటి, ఒకటిన్నర శాతమే ఉంటుంది. శుద్ధ జలంలో మాత్రం కథ వేరే. అక్కడ కరెంటు మోసేది ఉప్పు కాదు, నీరే విడిపోయి పుట్టే హైడ్రోజన్, హైడ్రాక్సైడ్ అయాన్లు. వేడికి ఇవి సంఖ్యలోనూ పెరుగుతాయి. ఏ మలినం లేని నీరు 25 డిగ్రీల దగ్గర 0.055 మైక్రోసీమెన్, 80 డిగ్రీల దగ్గర 0.47కు దగ్గరగా ఉంటుంది. అంటే ఎనిమిది రెట్లు పైనే. దీనికి రెండు శాతం సూత్రం వేస్తే 0.47ను 2.1తో భాగించి 0.22 అంటుంది మీటర్. ఉండాల్సింది 0.055. ఏ మచ్చా లేని నీటిని నాలుగు రెట్లు మురికిగా చూపిస్తుందన్నమాట. శుద్ధ జలం కోసం చేసిన ట్రాన్స్‌మిటర్లు నీటి సొంత అయాన్లకు ఒక లెక్క, ఉప్పుకు ఇంకో లెక్క వేసి కలుపుతాయి. కొనే ట్రాన్స్‌మిటర్‌లో ఈ రెండు లెక్కలూ ఉన్నాయో లేదో డేటాషీట్‌లోనే చూసి తెలుసుకోవచ్చు.

ఫార్మాలో కాంపెన్సేషన్ ఎందుకు ఆపేస్తారు

అమెరికాకు మందులు పంపే కంపెనీలు యూఎస్‌పీ (అమెరికా ఔషధ ప్రమాణాల గ్రంథం) 645వ అధ్యాయాన్ని పాటించాలి. శుద్ధ జలానికీ ఇంజెక్షన్ నీటికీ అందులో మూడు దశల పరీక్ష ఉంది. మొదటి దశలో ఉష్ణోగ్రత కాంపెన్సేషన్ ఆపేసి కొలవాలి. ఎందుకంటే, ఏ మలినం ఉందో తెలియనప్పుడు ఏ సూత్రంతో సరిచేసినా అది ఊహే. దానికి బదులు ప్రతి అయిదు డిగ్రీలకు ఒక పరిమితి ఉన్న పట్టిక ఇచ్చారు: 20 డిగ్రీలకు 1.1, 25కు 1.3, 80కి 2.7 మైక్రోసీమెన్స్.

చిక్కు పట్టిక చదవడంలో వస్తుంది. కొలిచిన ఉష్ణోగ్రత రెండు వరుసల మధ్య పడితే తక్కువ ఉష్ణోగ్రత వరుసే తీసుకోవాలి. నీళ్లు 24 డిగ్రీల్లో 1.2 చూపించాయనుకోండి. చాలామంది కళ్లు 25 వరుసలోని 1.3 మీదికి పోయి ‘పాస్’ అంటాయి. నిజానికి చూడాల్సింది 20 వరుస, అక్కడ పరిమితి 1.1. నీరు మొదటి దశ దాటలేదు. 82 డిగ్రీల్లో తిరిగే వేడి లూప్‌లో 1.0 వస్తే 80 వరుస ప్రకారం 2.7 లోపే కాబట్టి నిక్షేపంగా ఉన్నట్టు.

మొదటి దశ తప్పితే నీళ్లు పారబోయక్కర్లేదు. రెండో దశలో కనీసం వంద మిల్లీలీటర్ల నీటిని 25 డిగ్రీల దగ్గర, ఒక డిగ్రీ అటూఇటూలో, బాగా కలియబెడతారు. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ కరిగి రీడింగ్ పెరుగుతూ పోయి, అయిదు నిమిషాల్లో మార్పు 0.1 కన్నా తగ్గినప్పుడు చదువుతారు. పరిమితి 2.1. అదీ దాటితే మూడో దశలో పీహెచ్‌తో కలిపి చూస్తారు.

ఇక్కడ రెండు అభిప్రాయాలున్నాయి, రెండూ న్యాయమైనవే. క్వాలిటీ విభాగానికి పట్టికతో పోల్చే ముడి అంకె కావాలి. ప్లాంట్ నడిపేవాళ్లకు మాత్రం 25 డిగ్రీలకు మార్చిన అంకె ఉపయోగం. లూప్ వేడెక్కినప్పుడల్లా గ్రాఫ్ లేస్తుంటే, నిజంగా మలినం పెరిగిందా లేదా అన్నది తెలియదు. ఇప్పటి ట్రాన్స్‌మిటర్లలో చాలావరకు రెండు అంకెల్నీ పక్కపక్కనే ఇస్తాయి కాబట్టి ఈ తగవుకు అర్థం తగ్గింది. ప్రమాదమల్లా కాంపెన్సేషన్ ఆన్‌లో ఉన్న అంకెను తీసుకెళ్లి 80 డిగ్రీల వరుసతో పోల్చడంలోనే. అప్పుడు నిజంగా చెడిపోయిన నీళ్లు కూడా పాసవుతాయి.

ఈ అధ్యాయం పరికరం మీద కూడా షరతులు పెట్టింది. సెల్ కాన్‌స్టంట్ ప్లస్ లేదా మైనస్ 2 శాతంలోపు తెలిసి ఉండాలి, డిస్‌ప్లే కనీసం 0.1 మైక్రోసీమెన్ దాకా చూపాలి. సర్టిఫికెట్‌లో కొలిచిన సెల్ కాన్‌స్టంట్ లేకుండా ‘0.01 నామినల్’ అని మాత్రమే ఉన్న ప్రోబ్ ఈ పనికి చాలదు.

బాయిలర్, థర్మల్ కేంద్రం: అంకెను మార్చి కొలవడం

బాయిలర్‌లో ఆవిరి పోతుంటే ఉప్పు మిగిలిపోతుంది. అది హద్దు దాటకుండా కొంత నీటిని బ్లోడౌన్‌గా వదులుతారు. పది బార్ పీడనంలో నీరు 184 డిగ్రీలు. ప్రోబ్‌ను నేరుగా లోపల పెట్టి 25కు మార్చాలంటే 159 డిగ్రీల దూరం. కోఎఫిషెంట్ 2 శాతమైతే 4.18తో, 1.8 అయితే 3.86తో భాగించాలి. చిన్న ఊహాభేదానికే 8 శాతం తేడా వచ్చేసింది. శాంపిల్ కూలర్ పెట్టి నీటిని చల్లార్చి కొలవడం అందుకే. ఖర్చనిపించినా అంకె నమ్మకంగా ఉంటుంది.

రామగుండం, విజయవాడ లాంటి థర్మల్ కేంద్రాల్లో ఇంకో అడుగు ముందుకు వేస్తారు. పైపులు తుప్పు పట్టకుండా నీటికి అమ్మోనియా కలుపుతారు. దానివల్లే కండక్టివిటీ నాలుగైదు మైక్రోలు ఉంటుంది. కండెన్సర్ ట్యూబు కారి లీటరుకు 20 మైక్రోగ్రాముల క్లోరైడ్ కలిసినా పెరిగేది 0.07 మాత్రమే. నాలుగైదులో అది కనపడదు. అందుకని శాంపిల్‌ను ముందు కేటయాన్ రెజిన్ (ధనావేశ అయాన్లను పట్టుకుని బదులు హైడ్రోజన్ అయాన్లు వదిలే పదార్థం) గుండా పంపుతారు. అమ్మోనియా రెజిన్‌లో ఆగిపోతుంది, ఉప్పు హైడ్రోక్లోరిక్ ఆమ్లంగా మారుతుంది. అదే 20 మైక్రోగ్రాములు ఇప్పుడు 0.24 చూపిస్తాయి, వెనకున్న నీటి వాటా 0.055 మాత్రమే. సెన్సార్ మార్చలేదు, ద్రవాన్ని మార్చారు. కొన్ని సమస్యలకు ఎంత ఖరీదైన మీటరూ జవాబు కాదు, శాంపిల్ లైనే జవాబు.

ట్యాంకు కడిగే లైనులో ఎవరి మాట నెగ్గాలి

ట్యాంకులు విప్పకుండా కడిగే సీఐపీ లైన్‌లో ఒక శాతం కాస్టిక్ 50 మిల్లీసీమెన్స్ దాటుతుంది. ఆ తర్వాత కడిగే నీరు మామూలు స్థాయికి దిగాలి. ఇండక్టివ్ పక్షం వాళ్లు ‘పాల పొర, ప్రోటీన్, స్కేలు ఏది పట్టినా ఆగదు’ అంటారు. నాలుగు ఎలక్ట్రోడ్ల పక్షం వాళ్లు ‘చివరి రిన్స్‌లో కొన్ని పదుల మైక్రోలు చూడాలంటే మీది గుడ్డిది’ అంటారు. రెండూ నిజమే. రిన్స్‌కు మున్సిపల్ నీళ్లో బోరు నీళ్లో వాడే డెయిరీలో ఇండక్టివ్‌కే మొగ్గు. శుద్ధ జలంతో ముగించే ఫార్మా లైనులో దానితో పని జరగదు.

ఎంపికలో తరచూ మరిచిపోయేది ఉష్ణోగ్రత సెన్సార్ వేగం. లావుపాటి పీక్ ప్లాస్టిక్ తలలో కూర్చున్న సెన్సార్‌కు నీటి వేడి చేరడానికి నిమిషాలు పడుతుంది. 70 డిగ్రీల కాస్టిక్ పోయి 30 డిగ్రీల రిన్స్ నీరు వచ్చిందనుకుందాం. 25 దగ్గర 1000 ఉండాల్సిన నీరు 30 దగ్గర నిజంగా 1100. కానీ సెన్సార్ ఇంకా 70 అనుకుంటూ 1.9తో భాగించి 579 చూపిస్తుంది. రిన్స్ అయిపోయిందని పీఎల్‌సీ (లైన్‌ను నడిపే కంట్రోల్ కంప్యూటర్) వాల్వ్ మూసేస్తుంది, కాస్టిక్ మిగిలిపోతుంది. డేటాషీట్‌లో ‘టీ90’ (మార్పులో 90 శాతం అందుకోవడానికి పట్టే సమయం) అని రాసి ఉండే అంకె ఈ సంగతి చెబుతుంది.

ఆసిడ్ గాఢతను కండక్టివిటీతో కొలవాలనుకునే చోట ఇంకో ఉచ్చు ఉంది. సల్ఫ్యూరిక్ ఆసిడ్ కండక్టివిటీ 30 శాతం దగ్గర శిఖరానికి చేరి మళ్లీ దిగుతుంది. 20 శాతానికీ 40 శాతానికీ వచ్చే అంకెలు దాదాపు పక్కపక్కనే ఉంటాయి. గాఢత ఎప్పుడూ శిఖరానికి ఒకే వైపున ఉండేలా పనిచేసే పరిధి ఎంచుకుంటేనే ఈ కొలతకు అర్థం. పదార్థాల ఎంపికా అక్కడే తేలుతుంది: గాఢ సల్ఫ్యూరిక్ పీక్‌ను కరిగిస్తుంది, హైడ్రోక్లోరిక్ 316ఎల్ స్టీలును తినేస్తుంది, హైడ్రోఫ్లోరిక్‌కు టైటానియం నిలవదు.

ఎఫ్లుయెంట్‌ను ఉప్పు ఎక్కువున్న హెచ్‌టీడీఎస్ (హై టీడీఎస్), తక్కువున్న ఎల్‌టీడీఎస్ (లో టీడీఎస్) అని విడదీసే చోట ఇండక్టివ్ సెన్సార్‌కు ఎదురు లేదు. బురద, నూనె, ఉప్పు అన్నీ ఒకేచోట. కానీ మిథనాల్ నిండిన డ్రమ్ము ఆ లైనులో ఒలికితే మీటర్ కండక్టివిటీ తగ్గిందంటుంది, పెరిగిందనదు. ‘లో టీడీఎస్’ వైపు వాల్వ్ తెరుచుకుంటుంది. ఈ పని కోసం సీఓడీ (నీటిలోని సేంద్రియ పదార్థాల్ని ఆక్సీకరించడానికి కావాల్సిన ఆక్సిజన్) కొలత విడిగా ఉండాల్సిందే.

కాలిబ్రేషన్ సీసా ఎక్కడిదాకా పనికొస్తుంది

ఎండబెట్టిన పొటాషియం క్లోరైడ్ 0.7456 గ్రాములు లీటరు శుద్ధ నీటిలో కరిగిస్తే 25 డిగ్రీల దగ్గర 1413 మైక్రోసీమెన్స్. చిన్న సీసాలో రెడీగా దొరికే ద్రావణం ఇదే. 30 డిగ్రీల గదిలో అది దాదాపు 1550. సీసా మీద ఉష్ణోగ్రతల పట్టిక ఉంటుంది, కాంపెన్సేషన్ ఆపి ఉన్నప్పుడు అది చూడకుండా 1413కు తిప్పేస్తే 9 శాతం తప్పు ఆ క్షణమే మీటర్‌లోకి ఎక్కుతుంది.

ఇంజెక్షన్ నీటి ప్రోబ్ కోసం ‘1 మైక్రోసీమెన్ స్టాండర్డ్’ వెతకడం వృథా. మూత తీసి బీకరులో పోయగానే గాలిలోని కార్బన్ డయాక్సైడ్ కరుగుతుంది. 0.06 నీరు కూడా కాసేపట్లో 1 మైక్రోసీమెన్ దరికి చేరుతుంది. అందుకే ఆ ప్రోబ్‌ను 84 లేదా 147 లాంటి ఎక్కువ విలువ ద్రావణంలో సెల్ కాన్‌స్టంట్ కోసం మాత్రమే సరిచూస్తారు, లేదా లైనులోనే సర్టిఫైడ్ ప్రోబ్‌తో పక్కపక్కన పోలుస్తారు. అదే కారణంతో శుద్ధ జలాన్ని గ్లాసులో పట్టుకుని ల్యాబ్‌కు తీసుకెళ్లి ‘ఆన్‌లైన్ మీటర్ తప్పు’ అనడమూ కుదరదు.

అంకె చూసి తప్పు పట్టుకోవడం

రీడింగ్ సరిగ్గా పది రెట్లు ఎక్కువో తక్కువో ఉంటే ముందు మెనూలో సెల్ కాన్‌స్టంట్ చూడాలి: 0.1 ప్రోబ్‌కు 1 పెట్టి ఉంటారు. మెల్లగా, వారాల తరబడి తగ్గుతుంటే ఎలక్ట్రోడ్ మీద పూత. కాసేపు పడిపోయి మళ్లీ లేస్తుంటే బుడగలు. పైపు పైభాగంలో బిగించిన ప్రోబ్‌కు ఇది రోజూ ఉండే జబ్బు. పక్క నుంచి, నీరు ఎదురుగా తాకేలా బిగిస్తే పోతుంది. ఉష్ణోగ్రత ఎప్పుడూ 25.0 దగ్గరే నిలబడితే సెన్సార్ తెగిపోయి మీటర్ మాన్యువల్‌లో ఉందని అర్థం.

అన్నిటికన్నా తేలికైన పరీక్షకు ఏ ద్రావణమూ అక్కర్లేదు. ప్రోబ్‌ను బయటికి తీసి ఆరబెట్టి గాలిలో పట్టుకుంటే సున్నా రావాలి. ఏదో ఒక అంకె కదలకుండా నిలబడితే కనెక్టర్‌లోనో జంక్షన్ బాక్స్‌లోనో చెమ్మ చేరింది. విశాఖ తీరంలో, వానాకాలంలో ఇది మరీ మామూలు.

డేటాషీట్‌లో చూడాల్సిన ఒక్క వాక్యం

ధరలు పోల్చేటప్పుడు ‘ఖచ్చితత్వం 0.5 శాతం’ అన్న మాట దగ్గరే చాలామంది ఆగిపోతారు. దేనిలో 0.5 శాతం అన్నది ఆ పక్కనే ఉంటుంది. ‘రీడింగ్‌లో’ అయితే 500 మైక్రోసీమెన్స్ దగ్గర తప్పు 2.5. ‘ఫుల్ స్కేల్‌లో’ అయి, స్కేలు 200 మిల్లీసీమెన్స్ అయితే తప్పు ఒక మిల్లీసీమెన్, అంటే 1000 మైక్రోలు. కాస్టిక్ గాఢతకు ఆ మీటర్ బాగానే ఉంటుంది. అదే లైనులో రిన్స్ నీరు 500 దగ్గర ఆగిందో లేదో చెప్పమంటే, అది సున్నా అన్నా 1500 అన్నా డేటాషీట్ ప్రకారం తప్పు చెప్పినట్టు కాదు.